వాన కొలిచే థర్‌స్టన్, వాన పిలిచే రాజమల్లు

హెచ్.ఆర్. అంటే మనుషుల్ని సంస్థకు ఆస్తిగా తీర్చిదిద్దడం అని ఎం.బి.ఎ. పుస్తకాల్లో రాస్తారట. రియాద్‌లో నేను చేసిన హెచ్.ఆర్. అది కాదు. ఎవడి పిచ్చిని నవ్వుతూ భరించాలి, ఎవడి పిచ్చికి ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కించాలి అని తేల్చడమే నా పనిలో ముప్పాతిక భాగం. మిగతా పావు భాగం ఫోటోకాపీలు. ఈ ఉద్యోగం మీద గల్ఫ్‌కి వెళ్ళబోయే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోను చేసి సలహా అడుగుతుంటారు. వాళ్ళు అడిగేది జీతం గురించీ, ఫ్లాటు గురించీ, సెలవుల గురించీ. నేను చెప్పాలనుకునేది పిచ్చి గురించి. ఫోనులో మొదలుపెడితే ముసలాయనకి మతి తప్పిందనుకుంటారు కనుక కాగితం మీద పెడుతున్నాను.

ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవి ఒకటో రెండో. అవి వచ్చినప్పుడు కూడా కుర్చీ మారిందే కానీ నడుము నొప్పి మారలేదు.

మాది మెయింటెనెన్స్ కంపెనీ. విల్లాల్లో ఏసీలు, పంపులు, లిఫ్టులు బాగుచేయడం పని. పెద్దాఫీసు రియాద్ నడిబొడ్డున మలాజ్‌లో ఉండేది. యార్డు, వర్కర్ల క్యాంపు మాత్రం ఊరి బయట, అల్ ఖర్జ్ పోయే రోడ్డు మీద. నా కుర్చీ యార్డులో. మాది కోరుట్ల కాబట్టి, క్యాంపులో సగం మంది మా జగిత్యాల, నిజామాబాదు వైపు వాళ్ళే కాబట్టి, వాళ్ళ మాట పైవాళ్ళకీ పైవాళ్ళ మాట వాళ్ళకీ చేరవేయడం కూడా నా నెత్తినే పడింది.

జాతి లక్షణం

నా సర్వీసులో నలుగురైదుగురు ఇంగ్లీషు మేనేజర్ల కింద పనిచేశాను. ఒకాయన మండుటెండల్లో ఊలు మేజోళ్ళు వేసుకుని, మధ్యాహ్నం వాటిని ఆఫీసు కిటికీలో ఆరేసేవాడు. ఒకాయన తన కారుతో మాట్లాడేవాడు. కారు మీద అలిగిన రోజు టాక్సీలో వచ్చేవాడు. ఇంకొకాయన టెలిఫోను మోగితే లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని, అప్పుడు ఎత్తేవాడు. ఈలోగా అవతలివాడు విసుగెత్తి పెట్టేసేవాడు.

మా సౌదీ యజమానులు ఇవన్నీ చూసి మురిసిపోయేవారు. "ఇంగ్లీజీ!" అని చేతులు తిప్పి నవ్వేవారు. ఇత్తడి బిందె కొన్నప్పుడు వేలితో కొట్టి, మోగితే అసలు సరుకే అనుకుంటాం చూడండి, అలాగన్నమాట. మేనేజరు కాస్త తేడాగా ఉంటేనే వాళ్ళకి అసలు ఇంగ్లీషువాడన్న నమ్మకం.

ఇంగ్లీషువాళ్ళూ అదే చెప్పేవారు. ఇది మా జాతి లక్షణం, మా దీవిలో ఎడతెగని వాన, ఇంట్లో కూర్చుని కూర్చుని ప్రతివాడికీ ఏదో ఒక వింత అలవాటు పడుతుంది అనేవారు. ఎడతెగని వాన మన కోనసీమలోనూ ఉంది కదా, అక్కడెవరూ కారు మీద అలగరే అని నాకు నోటిదాకా వచ్చేది. తలూపి ఊరుకునేవాణ్ణి. మేనేజరు చెప్తుంటే ఊపకుండా ఉండేంత గట్టి మెడ నాకు లేదు.

మొదటి అనుమానం యాన్బులో వచ్చింది. అక్కడ రిఫైనరీ మరమ్మతుల కాలంలో మా మనుషుల్ని పంపితే, వాళ్ళ వెంట నేనూ వెళ్ళాను. ఇంగ్లండు నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు మా పక్క షెడ్డులోనే ఉండేవారు. జాతి లక్షణం ఇక్కడ గంపల కొద్దీ దొరుకుతుందని ఆశపడ్డాను. ఒక్కడికీ ఏ వింతా లేదు. పొద్దున్నే పనికి పోయేవారు, సాయంత్రం పెళ్ళాలకి ఫోన్లు చేసేవారు, మెస్సులో కోడికూర ఉడకలేదని వంటవాణ్ణి తిట్టేవారు. అచ్చం మన నిజామాబాదు ఫిట్టర్లే, కాకపోతే ఎండకి త్వరగా కందిపోయేవారు. జాతి లక్షణం వెల్డరు దాకా ఎందుకు దిగలేదు? సొంత క్యాబిన్ ఉన్నవాడికే పడుతుందా? అప్పుడు జవాబు దొరకలేదు.

ఒక్క మాట చాలు

ఇదే సమయంలో క్యాంపు వైపు సంగతి కూడా చెప్పాలి. సిరిసిల్ల నుంచి వచ్చిన పెయింటరు ఒకడుండేవాడు, ఎల్లయ్య. ఏ గోడకి రంగు వేయాలన్నా ముందు దానిమీద వేలితో చిన్న పసుపు బొట్టు పెట్టేవాడు. ఆ తర్వాత దానిమీదనే రంగు పూసేవాడు. బొట్టు లోపల కలిసిపోయేది, ఎవరికీ కనబడేది కాదు, నష్టమూ లేదు. ఒక విల్లాలో ఉండే యూరోపు ఆవిడ బొట్టు పెట్టడం చూసి హడలిపోయి, మీ మనిషి నా గోడలతో ఏదో చేస్తున్నాడని ఫిర్యాదు చేసింది. ఎల్లయ్య ఫైల్లో "మెంటల్" అన్న మాట చేరింది. వారం తిరక్కుండా ఊరికి చేరాడు.

కొత్తగా వెళ్ళేవాళ్ళు ఈ మాటని బాగా గుర్తుపెట్టుకోండి. పని రాదు అని రాస్తే, మరి ఇన్నేళ్ళు ఎందుకుంచారని పైనుంచి అడుగుతారు. దొంగ అని రాస్తే రుజువు కావాలి. "మెంటల్" అని రాస్తే ఏదీ అక్కర్లేదు. తనకి పిచ్చి లేదని ఆ మనిషి వాదిస్తే, చూశారా ఎలా అరుస్తున్నాడో అంటారు. వాదించకపోతే, చూశారా ఎలా గమ్మున ఉన్నాడో అంటారు. కూలివాణ్ణి వదిలించుకోవడానికి అంతకన్నా చవకైన మాట ఆ దేశంలో నేను చూడలేదు.

నిల్

ఆ తర్వాత వచ్చినవాడు థర్‌స్టన్, మా ఆపరేషన్స్ మేనేజరు. పొడుగు మనిషి, ఎర్రటి మెడ. కింద ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, పైన తెల్ల చొక్కా, టై. నడుం దగ్గర మనిషిని విడదీసి చూస్తే పైసగం బ్యాంకు మేనేజరు, కిందిసగం స్కూలు పిల్లాడు.

వచ్చిన మొదటి నెలలోనే యార్డులో తన క్యాబిన్ ముందు ఒక స్తంభం పాతించి, దానిమీద వాన కొలిచే ఇత్తడి డబ్బా బిగించాడు. చలికాలంలో నాలుగు చినుకులు తప్ప వాన ఎరగని చోట. రోజూ పొద్దున దాని దగ్గరికి వెళ్ళేవాడు. నడుం వంచి లోపలికి చూసేవాడు. నిట్టూర్చేవాడు. తల వేలాడేసుకుని మీటింగు గదిలోకి వచ్చి, "గుడ్ మార్నింగ్ జెంటిల్‌మెన్. నిల్" అనేవాడు. మేమంతా "నిల్, సార్" అనాలి. కాసేపు మౌనం. ఆ తర్వాతే ఏ పంపు చెడిందీ, ఏ లిఫ్టు ఆగిందీ అన్న మాట.

కబుర్లలో పెడితే భలే చెప్పేవాడు. వాళ్ళ ఊళ్ళో తేనెటీగలు పెంచేవాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా చనిపోతే, ముందు వెళ్ళి ఆ పెట్టెల దగ్గర నిలబడి వాటికి కబురు చెప్తారట. చెప్పకపోతే అలిగి ఎగిరిపోతాయట. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు ఈయనే వెళ్ళి, పెట్టె మీద తట్టి చెప్పాడట. "మేం అదో రకం మనుషులం" అని గర్వంగా నవ్వేవాడు. పెద్దాఫీసుకు వచ్చే అతిథులందరినీ యార్డుకు తీసుకొచ్చి ఈయన్ని చూపించేవారు.

మా డిజైన్ సెక్షన్లో ఒక హైదరాబాదు ఇంజనీరు ఉండేవాడు. దీనికి మంచి గిరాకీ ఉందని గ్రహించి, ఒకరోజు నిక్కరు, టై వేసుకుని చేతిలో గొడుగుతో ఆఫీసుకు వచ్చాడు. అరగంటలో థర్‌స్టన్ నుంచి నాకు ఫోను. "శంకర్, అతని ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని కంగారుగా అడిగాడు. మధ్యాహ్నానికల్లా మెమో వెళ్ళింది. పాపం, మర్నాటి నుంచి ఆ ఇంజనీరు సెలవు రోజుల్లో కూడా పాంటే వేసుకునేవాడు.

తలల లెక్క

అంతలో నితాఖత్ వచ్చిపడింది. ఒక్క ముక్కలో చెప్తాను. కంపెనీలో సౌదీలు ఎంతమంది, పరాయి దేశస్థులు ఎంతమంది అన్నదాన్ని బట్టి ప్రభుత్వం ప్రతి కంపెనీకీ ఒక రంగు ఇస్తుంది. ఆకుపచ్చ అయితే ఆరోగ్యం. పసుపైతే దగ్గు. ఎరుపైతే వెంటిలేటరు, పరాయివాళ్ళ ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. కొన్నేళ్ళకి దీనిమీద లెవీ కూడా పెంచారు. ప్రతి పరాయి తలకీ కంపెనీ నెలనెలా కట్టాల్సిన సొమ్ము అది. మా కంపెనీ పసుపులో పడి దగ్గుతోంది. రంగు మారాలంటే సౌదీలను పెంచాలి, లేదంటే పరాయి తలలు తగ్గించాలి. యజమానులకి రెండోదే సులువుగా తోచేది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ లెక్కలకి జీతంతో, హోదాతో పని లేదు. యార్డు ఊడ్చేవాడు ఒక తల. ఆపరేషన్స్ మేనేజరూ ఒక తలే. ఇంగ్లీషువాడూ తెలుగువాడూ సమానమని ఆ దేశంలో నేను చూసిన లెక్క అదొక్కటే. అయినా తల తగ్గించమనగానే అందరి చూపూ ఊడ్చేవాడి మీదికే పోయేది.

మా యార్డు ఊడ్చేవాడి పేరు రాజమల్లు. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి, నలభై దాటాయి. ఊడ్వడం, కడగడం, గేటు దగ్గరున్న నాలుగు వేపచెట్లకి నీళ్ళు పెట్టడం అతని పని. ఊళ్ళో చెలక ఉంది, చెలకలో బోరు ఉంది, బోరులో నీళ్ళు లేవు. వరసగా వానలు మొఖం చాటేస్తే చీపురు పట్టుకోవడానికి ఇంతదూరం వచ్చాడు. తల్లి, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు అతని చీపురు మీదే బతుకుతున్నారు. అతని ఇకామా గడువు ఆ నెలలోనే తీరుతోంది. ఎవరి కార్డు రెన్యూ చేయాలో, ఎవరిని పంపాలో పెద్దాఫీసులో తేల్చే రోజులవి.

సరిగ్గా అప్పుడే రాజమల్లు ఒక పని చేశాడు.

కప్ప దొరకలేదు

మండు వేసవి. ఒకరోజు పొద్దున థర్‌స్టన్ మీటింగు గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. "జెంటిల్‌మెన్! వాన!" అని అరిచాడు.

ఆ రోజు మా క్లయింటు తరఫున ఇద్దరు సౌదీ ఇంజనీర్లు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారు. యార్డు పెనంలా కాలుతోంది. "ఎక్కడ?" అన్నాడు ఒకాయన.

"పొద్దుపొద్దున్నే పడి ఉంటుంది. బహుశా మన యార్డు మీద మాత్రమే" అన్నాడు థర్‌స్టన్, కళ్ళు మెరుస్తుంటే. ఇంగ్లండులో తనలాగే వాన కొలిచే మిత్రులందరికీ ఆ పూటే కబురు పంపాడు. క్లయింటు ఇంజనీర్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

మర్నాడూ నీళ్ళున్నాయి. మూడోనాడు ఆయనకే అనుమానం తగిలి, తెల్లవారగానే వచ్చి క్యాబిన్ పక్కన నక్కాడు. రాజమల్లు ఒక చేత మగ్గు, ఇంకో చేత వేపమండ పట్టుకుని వచ్చాడట. మండని స్తంభానికి ఆనించి, డబ్బాలో నీళ్ళు పోసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతుండగా థర్‌స్టన్ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. అరుపులు విని మా పాకిస్తానీ ఫోర్‌మన్ వచ్చి, పెద్దాయనని మెప్పించడానికి "సాబ్, యే తో పాగల్ హై" అన్నాడు. పాగల్ అన్న మాటకి అర్థం థర్‌స్టన్‌కి ఎప్పుడో తెలుసు.

రాజమల్లుని నా గదిలోకి పిలిచాను.

"ఏంది రాజమల్లూ ఈ పని? ఆ డబ్బాల నీళ్ళెందుకు పోసినవ్?"

"సారు, ఆయిన దినాం పొద్దుగాల్నే అండ్లకు తొంగి చూస్తాండు. నీళ్ళు లేకుంటె మొఖం చిన్నగ జేసుకొని పోతాండు. నాకు పానం తరుక్కపోయింది. వాన కోసం గట్ల చూసుడు ఎట్లుంటదో నాకెర్క గద."

"ఎర్కుంటె నీళ్ళు పోస్తవా?"

"మన దిక్కు వాన రాకుంటె ఏం జేస్తం సారు? కప్పను రోకలికి గట్టి, వేపమండలు వెట్టి, ఇంటింటికి తిప్పి నీళ్ళు పోస్తం. కప్పతల్లి తడిస్తె ఊరు తడుస్తది. ఈడ కప్ప దొర్కలె. ఇసుకల ఉడుములున్నయి గని, దానితోని జేస్తె మంచిగుండదని డబ్బాకే పోసిన."

"మరి రోకలి?"

"స్తంభముంది గద సారు."

నాకు నవ్వు ఆగలేదు. మా కోరుట్లలో చిన్నప్పుడు నేనూ కప్పతల్లి వెనక పాడుకుంటూ తిరిగినవాణ్ణే. మా అమ్మ చెంబెడు నీళ్ళు కప్ప మీద పోసి, జోలెలో బియ్యం వేసేది. ఈ మనిషి తనకి ఉద్యోగమిచ్చిన మేనేజరు మీద జాలిపడి, తన ఊరి మందు తెచ్చి వేశాడు. అంతే జరిగింది.

థర్‌స్టన్ రిపోర్టులో అది లేదు. మానసిక స్థిమితం లేని వ్యక్తి, పరికరాన్ని పాడుచేశాడు, వెంటనే ఫైనల్ ఎగ్జిట్ ఇవ్వాలి అని ఉంది. "మనకి ఎలాగూ ఒక తల తగ్గాలి కదా, శంకర్. కలిసొచ్చింది" అని నాతో నోటిమాటగా కూడా అన్నాడు. ఏడాదంతా ఎండలో వాన కొలిచే మనిషి ఇంకొకడి మతి గురించి రాసిన ఆ కాగితం చూసి నాకు ఒళ్ళు మండింది.

రెండు తలలు

మా ముదీర్, అంటే జనరల్ మేనేజరు, అబూ ఫైసల్. రియాద్ పాతకాపు. పైకి కోపిష్టి, లోపల లెక్కల మనిషి. మలాజ్ వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను. రాజమల్లు మంచివాడు, పిల్లలున్నారు అని చెప్పబోలేదు. పిల్లలు అందరికీ ఉంటారు. ఆయనకి అర్థమయ్యే భాషలోనే మొదలుపెట్టాను.

"ముదీర్, ఊడ్చేవాణ్ణి పంపితే ఒక తల తగ్గుతుంది. పెద్ద తలని పంపినా ఒకటే తగ్గుతుంది. పైగా ఆ కుర్చీలో సౌదీని కూర్చోబెడితే మన రంగు మారుతుంది. ఊడ్చే పనికి సౌదీ ఎలాగూ దొరకడు. ఏ తలైనా లెక్కలో ఒకటే."

అబూ ఫైసల్ పకపకా నవ్వాడు. నవ్వు మధ్యలో ఆపేసి, చిన్న కప్పులో కాఫీ చాలాసేపు తాగాడు. నవ్వు ఆపిన పైవాడిని చూసి జాగ్రత్తపడాలని ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవాలి. నేను జాగ్రత్తపడలేదు, లోలోపల సంబరపడ్డాను.

"ఇద్దరినీ తీసుకురా" అన్నాడు.

తన కుర్చీ కూడా లెక్కలోకి వచ్చిందన్న సంగతి థర్‌స్టన్ చెవిన ఎలా పడిందో తెలియదు. మర్నాడు ఆయన ముదీర్ గదిలోకి వస్తే నేను పోల్చుకోలేకపోయాను. నల్ల సూటు. పాంటు! నున్నగా దువ్విన జుట్టు. చేతిలో లాప్‌టాప్. "గుడ్ మార్నింగ్" అన్నాడు, నిల్ అనలేదు. ఖర్చు తగ్గింపు, పని వేగం, టార్గెట్లు అంటూ ఏ ఊరి మేనేజరైనా మాట్లాడే మాటలే మాట్లాడాడు. దీవి, ఎడతెగని వాన, జాతి లక్షణం, అన్నీ ఒక్క రాత్రిలో ఇస్త్రీ అయిపోయాయి.

"ఆ డబ్బా ఏమిటి?" అని అడిగాడు అబూ ఫైసల్.

"ఓ, అదా? చిన్న సరదా. స్టాఫుని నవ్వించడానికి పెట్టాను. రేపే తీయించేస్తాను."

నా కుర్చీ వెనక గోడవార నిలబడ్డ రాజమల్లు నన్ను గిల్లాడు. "ఏమంటాండు సారు?"

"నవ్వులాటకు పెట్టిండట."

రాజమల్లు నోరు తెరిచి థర్‌స్టన్ వైపు చూశాడు. "నవ్వులాటనా? వాన కోసం చూసుడు నవ్వులాటనా సారు?"

అతనేమన్నాడని అబూ ఫైసల్ అడిగితే ఉన్నదున్నట్టు అరబీలో చెప్పాను. తప్పనిసరై థర్‌స్టన్‌కి ఇంగ్లీషులోనూ చెప్పాను. ఆయన మెడ ఇంకా ఎర్రబడింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

తప్పయింది, మళ్ళీ చేయను అను చాలు అని ముందురోజే రాజమల్లుకి నూరిపోసి ఉంచాను. "మళ్ళీ చేస్తావా?" అని ముదీర్ అడగ్గానే పాఠం అప్పజెప్పినట్టు "తప్పయింది, చెయ్య సారు" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా తోక తగిలించాడు. "గని నడుమల ఆపుడు మంచిది గాదు. ఇంక పోసేదుండె."

"నీళ్ళు పోశావు కదా. మరి వాన పడిందా?" అన్నాడు అబూ ఫైసల్.

"ఇంక టైముంది సారు."

అది అనువదించగానే ముదీర్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అదను చూసి నేను అందుకున్నాను. "ముదీర్, మిస్టర్ థర్‌స్టన్ ఊళ్ళో మనిషి చనిపోతే తేనెటీగలకి కబురు చెప్తారు. మా ఊళ్ళో వాన రాకపోతే కప్పకి చెప్తాం. ఇది మెంటల్ అయితే అదేమిటో కూడా ఫైల్లో రాసేద్దాం."

"అది వేరు" అన్నాడు థర్‌స్టన్.

"ఎలా వేరు?" అన్నాడు ముదీర్.

థర్‌స్టన్ టై ముడి సవరించుకున్నాడు. "అది మా నాయనమ్మ" అన్నాడు మెల్లగా.

నిజం చెప్పాలంటే ఆ ఒక్క క్షణం ఆయన మీద జాలేసింది. నిక్కరు సరదాకే, డబ్బా సరదాకే. ఆ పెట్టె మీద తట్టింది మాత్రం సరదాకి కాదని ఆ గొంతులో తెలిసింది. ఎప్పుడూ గొప్పగా చెప్పుకున్న ఆ ముక్కని, సూటు వేసుకున్న రోజున చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

అబూ ఫైసల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మా తాత వాన నమాజుకి మైదానానికి వెళ్ళేవాడు. భుజం మీది వస్త్రాన్ని తిరగేసి వేసుకునేవాడు. మా స్థితిని కూడా ఇలా తిరగెయ్యి దేవుడా అని. తెలియని పరాయివాడు చూస్తే ముసలాయనకి ఏమైంది అనుకుంటాడు." తర్వాత రాజమల్లు వైపు వేలు చూపించాడు. "అడగడం తప్పు కాదు. అల్లాని అడుగు. డబ్బాని కాదు. ఖలాస్."

రాజమల్లు ఇకామా రెన్యూ చేయమన్నాడు. క్లయింటుకి ఇంగ్లీషు మేనేజరే కావాలి కనుక థర్‌స్టన్‌నీ ఉండమన్నాడు. ఇద్దరూ బయటికి నడిచారు. ఎల్లయ్య నాటి నుంచి గుండెలో ఉన్న ముల్లేదో ఊడినట్టు నాకు హాయిగా ఉంది. నేనూ లేచాను.

"శంకర్, నువ్వు కూర్చో" అన్నాడు అబూ ఫైసల్.

కూర్చున్నాను.

"ఒక తల తగ్గాలి. ఏ తలైనా లెక్కలో ఒకటేనని నువ్వే చెప్పావు. హెచ్.ఆర్. కుర్చీలో సౌదీలే ఉండాలని రూలు ఎప్పుడో వచ్చింది. ఇన్నాళ్ళూ నేనే కళ్ళు మూసుకుని నిన్ను ఉంచాను. నువ్వు వెళితే ఒక తల తగ్గుతుంది, నీ కుర్చీలో మావాడు కూర్చుంటే రంగు మారుతుంది." నా కప్పులో తనే కాఫీ పోశాడు. "చాలా మంచి లెక్క, శంకర్."

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేనైతే కొలతలు కూడా ఇచ్చి మరీ తవ్వించాను.

నా తీర్పు

కోపం రాలేదా అంటే వచ్చింది. ఊరికి వచ్చాక ఏడాది దాకా కాఫీ వాసన పడేది కాదు. కానీ ఆ లెక్క తప్పని మాత్రం అనలేను. నా స్థానంలో వచ్చిన సౌదీ యువకుడికి ఉన్నన్ని రోజులూ పని నేర్పాను. ఫైల్లో "మెంటల్" అని రాయాల్సి వస్తే ముందు ఆ మనిషి ఊరి సంగతి అడిగి తెలుసుకోమని మరీ మరీ చెప్పాను. మీకూ అదే చెప్తున్నాను.

ఇక ఇంగ్లీషువాళ్ళ వింతతనం జాతి లక్షణమా అంటే, నేను చూసినంతలో కాదు. అది కుర్చీ లక్షణం. కుర్చీ గట్టిగా ఉన్నప్పుడు బయటికి వస్తుంది, కుర్చీ కదలగానే పాంటు వేసుకుంటుంది. థర్‌స్టన్ ఆ మీటింగు తర్వాత వారానికల్లా మళ్ళీ నిక్కరులోకి దిగాడు, పెద్దాఫీసు మళ్ళీ మురిసింది. తేనెటీగలకి చెప్పుకోవడం, కప్పకి నీళ్ళు పోయడం అలాంటివి కావు. అవి ఊళ్ళలో పుట్టినవి. వాటిని ఒక రాత్రిలో విప్పి మడతపెట్టడం కుదరదు. రాజమల్లుకి ఉద్యోగం పోతుందని తెలిసీ కుదరలేదు.

నేను బయల్దేరే రోజు క్యాంపు గేటు దగ్గర కారు డిక్కీలో నా పెట్టె పెట్టింది రాజమల్లే. కారణం అప్పటిదాకా ఎవరూ అతనికి చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

"ఇంటికాడ అంత మంచేనా సారు? గింత తొందరగ పోతున్నరేంది?"

"తల తగ్గియ్యాలన్నరు రాజమల్లూ. నాది తగ్గించిండ్రు."

అతను డిక్కీ మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నన్ను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి పట్టి పట్టి చూశాడు. ఎక్కడా ఏ తేడా కనబడలేదు కాబోలు, మొఖం చిన్నబోయింది.

"మాకు పిచ్చని మమ్ముల ఇద్దర్ని ఉంచిండ్రు" అన్నాడు. "మీకేమైంది సారు? మీరు మంచిగనే ఉంటిరి గద!"